శంఖకుడా నవల: రెండో భాగం చిత్తుప్రతి పూర్తయ్యాక

రెండో భాగం చిత్తుప్రతి పూర్తయింది. నవల ఎంతవరకు వచ్చిందని బరంపురం మిత్రులు అడుగుతున్నారు. ఇప్పటికి తేలినవీ, ఇంకా తేలాల్సినవీ ఇక్కడ రాసిపెడుతున్నాను. ఒడిశాలోని చిలికా సరస్సు మీద కథ రాద్దామనుకునే మరొకరికి పనికొస్తే సంతోషం.

కథ ఇది. ఒక చిత్రకారిణి, ఒక కవి, ఒక వైణికుడు స్ఫూర్తి కోసం చిలికా ఒడ్డున ఉన్న రంభ ఊరి దగ్గరి చిన్న దీవికి వచ్చి చలికాలమంతా ఉంటారు. శంఖకుడా అనే ఆ దీవి నా కల్పన. వాళ్లు దిగే బంగళాకు మాత్రం బ్రేక్‌ఫాస్ట్ ద్వీపంలో ఖల్లికోట రాజులు కట్టించిన బంగళా శిథిలమే ఆధారం. బంగళాలో ఒక బీరువా ఉంటుంది. అంతకుముందు వచ్చిన కళాకారులు వదిలివెళ్లిన బొమ్మలు, కవితలు, స్వరాలు అందులో ఉంటాయి. రాత్రి తాను రాసిన పద్యమే కవికి ఆ బీరువాలో కనిపిస్తుంది, పసుపుబారిన కాగితం మీద, మరొకరి చేతిరాతలో.

అయితే బీరువా ఒక్కటే నవలను మోయలేదు. అసలు భయం ఆ బొమ్మలన్నిటిలోనూ ఒక్క మనిషి కూడా లేకపోవడంలో ఉంది. కిటికీ తెరిస్తే ఎదురుగా వలలు, పడవలు, రొయ్యల బుట్టలు మోసుకెళ్లే ఆడవాళ్లు. కాగితం మీద నీరు, ఆకాశం, పక్షులు మాత్రమే. మనుషులు ఎక్కడికి పోయారు? ఈ ప్రశ్న చిత్రకారిణికి రాదు, పడవ నడిపే ముసలాయనకు వస్తుంది. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారుల కుటుంబం ఆయనది. అందుకే రెండో భాగమంతా ఆయన కంటితోనే రాశాను.

కాలం 1999గా తీసుకున్నాను. మొబైల్ ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాకపోవడం కథకు ఎలాగూ వీలే, కానీ కారణం అదొక్కటే కాదు. ఆ అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర ఒక తుఫాను తీరం దాటింది. 29న పారాదీప్ దగ్గర మహాతుఫాను విరుచుకుపడింది. అదే ఏడాది మే నెలలో చిలికా ఒడ్డున ఉన్న సొరానా ఊళ్లో పోలీసు కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. సరస్సులో గట్లు, వలలు కట్టి రొయ్యలు పెంచే ఘేరీలకు వ్యతిరేకంగా మత్స్యకారులు పోరాడుతున్న రోజులవి. అలాంటి సరస్సుకు నా ముగ్గురు కళాకారులు నవంబరులో ప్రశాంతత వెతుక్కుంటూ వస్తారు. రేవులో జనం ఎందుకు మాట తగ్గించారో అడగరు. సొరానా పేరు నవలలో ఒకే ఒక్కసారి వస్తుంది, అదీ ముసలాయన నోట. ఆ పుట రాయడానికి పట్టినంత సమయం మరే పుటకూ పట్టలేదు.

చిలికాలోని ఒక దీవి మీద కొలువైన దేవత కాళీజాయి విషయంలో నా నిర్ణయం మారదు. అత్తవారింటికి పడవలో వెళ్తూ గాలివానకు నీళ్లలో కలిసిపోయిన పెళ్లికూతురే ఆ దీవి మీద దేవతగా వెలసిందని కథ. సంక్రాంతికి జాతర జరుగుతుంది, పడవవాళ్లు ఆమెకు మొక్కుకుంటారు. భయపెట్టడానికి ఆమెను దెయ్యంగా వాడుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆమె ముసలాయనకు ధైర్యమిచ్చే తల్లిగానే ఉంటుంది.

భయం పుట్టించడానికి సరస్సు సత్యాలే చాలు. చిలికాలోని బర్కుడా దీవి మట్టిలో బతికే, కాళ్లు లేని ఒక బల్లిజాతి జీవిని నెల్సన్ అనండేల్ 1917లో లోకానికి పరిచయం చేశాడు. అంతకు ముందటి ఏడాదే మొదలైన భారత జంతుశాస్త్ర సర్వేకు ఆయనే తొలి డైరెక్టరు. వైణికుడు మర్రిచెట్టు వేళ్ల దగ్గర మట్టి తవ్వే అధ్యాయంలో ఈ జీవి కనిపిస్తుంది. దానికి ఏ మహిమా అంటగట్టలేదు, ఉన్నది ఉన్నట్టే వర్ణించాను. చదివి వినిపించినప్పుడు మా మేనమామ కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నారు.

ఇక పని పద్ధతి. నోటుపుస్తకంలో ఎడమ పుట సరస్సు వివరాలకు, కుడి పుట కథకు. తిథులు పాత పంచాంగం నుంచి తీసుకుంటాను. బీరువా తెరిచే రాత్రి 1999 డిసెంబరు 22, మార్గశిర పౌర్ణమి. చంద్రుడు ఆ రోజే భూమికి బాగా దగ్గరగా వచ్చాడు కాబట్టి లాంతరు లేకుండానే కాగితాలు చూడొచ్చు. వివరాల కోసం సరస్సుకు వెళ్లి పడవలో ఫోనుతో మాటలు రికార్డు చేసేటప్పుడు మైకు మీద పలుచని చేతిరుమాలు చుడితే గాలి హోరు తగ్గుతుంది. ఫోను జిప్ కవరులో ఉండాలి, ఉప్పునీటి తుంపర చాలా చెడ్డది. పొద్దున్నే బయలుదేరడం మేలు, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. పడవ కిరాయి, తిరిగి వచ్చే వేళ ఎక్కకముందే మాట్లాడుకోవాలి. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కవద్దు. సరస్సులోని నళబణ దీవి పక్షుల అభయారణ్యం, దాన్ని దూరం నుంచే చూడాలి. బైనాక్యులర్స్ ఉంటే చాలినంత కనిపిస్తుంది.

టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో చేస్తున్నాను. ప్రతి అధ్యాయం వేరే ఫైలు. అచ్చు తీసి పైకి చదువుతూ పెన్సిలుతో దిద్దుతాను. ముసలాయన మాటల్లో ఒడియా పలుకుబడి ఎంత ఉండాలన్నది ఇంకా తేలలేదు. ఎక్కువైతే శ్రీకాకుళం అవతలి పాఠకుడు తడబడతాడు, తక్కువైతే ఆయన మా ఊరివాడు కాకుండా పోతాడు. ప్రస్తుతానికి పడవ, వల, చేప పేర్లలోనే ఉంచాను.

మూడో భాగం వానాకాలంలో నడుస్తుంది. 15.53 చదరపు కిలోమీటర్ల నళబణ వానలకు నీట మునిగి కనబడకుండా పోయే రోజులవి. 2000 సెప్టెంబరులో సరస్సు నుంచి సముద్రంలోకి కొత్త ముఖద్వారం తెరిచారు, కథ దానికి ముందే ఆగుతుంది. కవి దీవి వదలడానికి ఒప్పుకోడు, ముసలాయన పడవ కట్టుకుని ఎదురుచూస్తుంటాడు. ఎవరు మిగులుతారో నాకు తెలుసు, అది ఇక్కడ చెప్పను. ఈ వర్షాలకు రంభ వెళ్లి నీటిమట్టం, గట్టు రంగు చూసుకున్నాకే ఆ అధ్యాయాలు మొదలుపెడతాను. అప్పటిదాకా మొదటి భాగంలో చిత్రకారిణి ఉత్తరాలు కుదించే పని ఉంది.