యాస్ ద్వీపంలో ఒక్క రోజు దొరికితే

మా క్యాంపుకి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు పోయిన వారం అన్నం తింటూ అడిగాడు. "అన్నా, యాస్ ద్వీపంలోని రైడ్ల పార్కు ఫెరారీ వరల్డ్‌కి టికెట్ మూడొందల దిర్హమ్‌లు దాటుతదట. అంత పెట్టి పోవచ్చునా?" నేను నోరు తెరిచేలోపే పక్క మంచం మీది పెద్దాయన అందుకున్నాడు. "ఆ పైసలు ఇంటికి పంపితే నెల సామాన్లు వస్తయిరా." ఇద్దరి మాటా నిజమే. ఓవర్‌టైం తీసేసి లెక్కేస్తే ఆ టికెట్ నాకు ఐదారు రోజుల జీతం. అందుకే ఆ తమ్ముడికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. రాత్రి లైటు తీసేశాక మాత్రం ఎక్కిన రైడ్లన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని, ఏది ముందు ఏది వెనక అని వరస పెట్టుకున్నాను.

నేను అబుదాబిలో ఏసీ టెక్నీషియన్‌ని. ఊరు జగిత్యాల దగ్గర. మా వైపు గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయ్ పోయాడనే అంటారు కాబట్టి, మా ఊరివాళ్ళ లెక్కలో నేను పదకొండేళ్ళ నుంచి దుబాయ్‌లోనే ఉన్నాను. ఉండేది ముసఫ్ఫా అనే ఫ్యాక్టరీల వాడలో. విల్లాలు, హోటళ్ళు, ఆఫీసులు తిరిగి ఫిల్టర్లు కడగడం, గ్యాస్ నింపడం, కంప్రెసర్లు మార్చడం నా పని. బిల్డింగు మొత్తానికి చల్లదనం ఇచ్చే పెద్ద యంత్రాలు, చిల్లర్లు, ఎక్కువగా మిద్దెల మీదే ఉంటాయి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది. ఆ రెండున్నర గంటలు పోను మిగతా పొద్దంతా మిద్దె మీదే గడుస్తుంది.

యాస్ ద్వీపాన్ని మొదట చూసిందీ అలాంటి మిద్దె మీది నుంచే. అక్కడి ఒక హోటల్లో మాకు మెయింటెనెన్స్ పని ఉండేది. పైకెక్కితే ఫెరారీ వరల్డ్ ఎర్ర కప్పు మొత్తం కనిపించేది. రెండు లక్షల చదరపు మీటర్ల కప్పు అది, నడిమధ్యన పెద్ద గుర్రం గుర్తు. కొద్ది నిమిషాలకోసారి ఎర్ర బండి ఒకటి కప్పు కింద నుంచి దూసుకొచ్చి గుట్టలాంటి పట్టాల మీదికి ఎక్కేది. దాని వెనకాలే మనుషుల అరుపులు గాలిలో తేలి వచ్చేవి. రెండేళ్ళు ఆ అరుపులు వింటూ పానాలు తిప్పాను. అప్పటి కంపెనీ జీతాలు మూడు నెలలు ఆపింది. టికెట్ ఊసెత్తే పరిస్థితి కాదు. కంపెనీ మారాక, ఒక పండక్కి కొత్త కంపెనీ మా అందరికీ టికెట్లు ఇచ్చింది. అలా మొదటిసారి లోపలికి వెళ్ళాను. ఆ తర్వాత ఒకసారి దోస్తులతో, రెండుసార్లు మా ఇంటామె, పాప విజిట్ వీసా మీద వచ్చినప్పుడు వెళ్ళాను. యాస్‌లో ఫెరారీ వరల్డ్ 2010లో తెరిచారు, నీళ్ళ పార్కు యాస్ వాటర్‌వరల్డ్ 2013లో, వార్నర్ బ్రదర్స్ వరల్డ్ 2018లో, సీవరల్డ్ 2023లో. నాలుగూ చూశాను.

అందరూ మొదట అడిగేది ఫార్ములా రోసా గురించే. మిద్దె మీది నుంచి నేను చూసిన ఎర్ర బండి అదే. చాలా ఏళ్ళు ప్రపంచంలోకెల్లా వేగమైన రోలర్ కోస్టర్‌గా పేరు మోసింది. ఐదు సెకన్లు కూడా నిండకుండా 240 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఎక్కే ముందు కళ్ళకి అద్దాలు పెట్టుకోమని ఇస్తారు. ఎడారి గాలిలో అంత వేగంతో పోతుంటే ఒక్క ఇసుక రేణువు కంట్లో పడ్డా ప్రమాదమే. నాకు బాగా నచ్చింది బండి కదలబోయే ముందటి క్షణం. దీన్ని లాగేది హైడ్రాలిక్ పద్ధతి. నైట్రోజన్ నింపిన సిలిండర్లలోకి నూనెని తోసి ఒత్తిడి కూడబెడతారు. ఒక్కసారి వదిలితే ఆ ఒత్తిడికి డ్రమ్ము గిర్రున తిరిగి, తాడు బండిని ఈడ్చుకుపోతుంది. రోజూ ప్రెషర్ గేజ్‌లు చూసే మనిషిని కదా, ముందు సీటులో కూర్చుని ఆ ఒత్తిడి ఎక్కడిదాకా ఎక్కిందో మనసులోనే లెక్కపెట్టుకున్నాను. అంతలోనే వీపు సీటుకి అతుక్కుపోయింది. చెంపలు వెనక్కి లాగేసినట్టయ్యాయి. గొంతులో ఉన్న అరుపు బయటికి రావడానికి కూడా టైం దొరకలేదు.

ఇంత చెప్పినా దీన్ని రెండో స్థానంలోనే పెడతాను. మొదటి ఐదు సెకన్లు, 52 మీటర్ల గుట్ట దాటితే ఆ తర్వాత మిగిలేది గాలి దెబ్బే. పట్టా రెండు కిలోమీటర్లకు పైనే ఉంది గానీ చివర్లో వేగం తగ్గుతూ రావడం మనకే తెలిసిపోతుంది. పైగా పట్టాలన్నీ ఆరుబయటే. ఆగస్టులో ఎక్కిన నా దోస్తు ఒకడు ఇటుక బట్టీలో తల పెట్టినట్టుంది అన్నాడు. డిసెంబర్, జనవరిల్లో పొద్దున్నే ఎక్కితే మాత్రం దీని సుఖమే వేరు.

మొదటి స్థానం ఫ్లయింగ్ ఏసెస్‌ది. ఈ మాటంటే చాలామంది ఒప్పుకోరు. దీని వేగం 120 కిలోమీటర్లే, రోసాలో సగం. కానీ రోసా దిగాక నాకు వేగం ఒక్కటే గుర్తుంది, ఫ్లయింగ్ ఏసెస్‌లో ప్రతి మలుపూ గుర్తుంది. 2016లో తెరిచారు. సీట్లు పట్టా మీద ఉండవు, విమానం రెక్కల్లాగా పట్టాకి రెండు పక్కలా బయటికి చాచి ఉంటాయి. కాళ్ళ కింద ఏమీ ఉండదు. మామూలు కోస్టర్‌లో గొలుసు టకటకమంటూ నెమ్మదిగా పైకి లాగుతుంది, ఇందులో నిచ్చెన వేసినట్టున్న ఏటవాలు మీద తాడు జర్రున లాక్కుపోతుంది. భయపడే తీరిక కూడా ఇవ్వదు. 63 మీటర్ల ఎత్తు నుంచి కిందికి జారి, 52 మీటర్ల వలయంలోకి ఎక్కిస్తుంది.

వలయం గురించే కాస్త చెప్పాలి. ఇందులో మనం తలకిందులు కాము. బండి నిట్టనిలువుగా ఎక్కుతుండగానే పట్టా మెల్లగా మెలి తిరిగి, శిఖరానికి చేరేసరికి మనల్ని నిటారుగా కూర్చోబెడుతుంది. ఆ కొసన బండి దాదాపు ఆగినంత పని చేస్తుంది. ఒళ్ళు సీటు మీది నుంచి లేచి, మనల్ని పట్టి ఉంచే బార్ తొడలకి తగులుతుంది. చెవుల్లో గాలి చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోతుంది. కుడి పక్కన సముద్రం, కింద ఎర్ర కప్పు, దూరంగా నేను ఎన్నోసార్లు ఎక్కిన హోటల్ మిద్దె, దాని మీద వరసగా చిల్లర్లు. నా చేతులతో బాగుచేసిన ఫ్యాన్లు అంత ఎత్తు నుంచి గిన్నెల్లాగా కనిపించాయి. మూడు నాలుగు సెకన్లు ఉంటుందేమో. ఆ తర్వాత కిందికి.

ఈ రైడ్ వెనక ఒక కథ ఉంది, అది క్యూలో నిలబడ్డప్పుడు చదివాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్చెస్కో బరాక్కా అని ఇటలీ పైలట్ ఉండేవాడు. శత్రు విమానాలు 34 కూల్చాడు. 1918లో చనిపోయాడు. ఆయన విమానం మీద ఉండేది ముందుకాళ్ళు పైకెత్తిన గుర్రం బొమ్మ. 1923లో ఆయన తల్లి, అప్పుడు రేసులు నడిపే ఎన్జో ఫెరారీని కలిసి, నా కొడుకు గుర్రాన్ని నీ కార్ల మీద వేసుకో, కలిసొస్తుంది అని చెప్పిందట. ఫెరారీ గుర్తు అలా వచ్చింది. నేను విమానం ఎక్కే ముందు మా అవ్వ కొండగట్టు అంజన్న దగ్గర మొక్కి నా కుడిచేతికి దారం కట్టింది. రంగు వెలిసిపోయినా ఇంకా ఉంది. రైడ్ ఎక్కే ముందు వాచీ, ఫోను, పర్సు అన్నీ లాకర్‌లో పెట్టమంటే పెట్టాను, దారం మాత్రం చేతికే ఉంది. అప్పటి నుంచి ఆ గుర్రాన్ని ఎక్కడ చూసినా నాకు ముందు ఆ తల్లి గుర్తొస్తుంది.

ఫెరారీ వరల్డ్‌లో ఇంకా ఫియొరానో ఉంది, రెండు బండ్లు పక్కపక్కనే పందెం వేసుకుంటాయి. టర్బో ట్రాక్ ఉంది, కప్పు మధ్యలోంచి నిటారుగా పైకి విసిరి మళ్ళీ వెనక్కి దించుతుంది. రెండూ బాగుంటాయి, క్యూ చిన్నగా ఉంటే ఎక్కండి. వాటి కోసం గంట నిలబడమని మాత్రం చెప్పను.

మూడో స్థానం వార్నర్ బ్రదర్స్ వరల్డ్‌కి. ఇది నా పనికి దగ్గరి విషయం కాబట్టి కొంచెం పక్షపాతం ఉందేమో. ఆ పార్కు మొత్తం కప్పు కిందే ఉంది. వీధులు, కొండలు, ఆకాశం అన్నీ లోపలే. బ్యాట్‌మ్యాన్ ఊరు గోథమ్ సిటీలో ఎప్పుడూ రాత్రే, నాలుగడుగులు వేసి కార్టూన్ జంక్షన్‌లోకి వెళ్తే పట్టపగలు. మా పాప టామ్ అండ్ జెర్రీ కోసం చూస్తుంటే నేను తల పైకెత్తి చల్లగాలి ఎక్కడి నుంచి వస్తోందా అని వెతికాను. నీలం రంగు ఆకాశంలో గాలి తెచ్చే గొట్టం, ఒక్క డక్టూ కంటపడదు. బయట జులై ఎండ నలభై ఐదు డిగ్రీలు దాటిన రోజు, లోపల ఆడుకునే పిల్లలకి చెమట పట్టలేదు. అంత పెద్ద జాగాని అలా ఉంచాలంటే వెనకాల ఎంతమంది రాత్రింబవళ్ళు పనిచేస్తారో నాకు తెలుసు. చూపించడానికి అక్కడ ఏమీ ఉండదు, అదే వాళ్ళ పనితనం.

పాప మొదటిసారి కోస్టర్ ఎక్కింది ఇక్కడే. అప్పుడు దానికి ఏడేళ్ళు. రోడ్ రన్నర్ వెంట కయోటీ పరిగెత్తే రైడ్ ఒకటుంది, పట్టాకి వేలాడే సీట్లు. చిన్నదే, కానీ మలుపుల దగ్గర కాళ్ళు బయటికి విసురుతుంది. పుట్టిన దగ్గర్నుంచి నేను దానికి ఎక్కువగా ఫోన్‌లోనే తెలుసు. రోజూ రాత్రి బోటిమ్ యాప్‌లో వీడియో కాల్ మాట్లాడేవాళ్ళం. ఎదురుగా వచ్చిన మొదటి రెండు రోజులు నా దగ్గరికి రావడానికే సిగ్గుపడింది, నీళ్ళు కావాలన్నా వాళ్ళమ్మ చెవిలో చెప్పేది. ఆ రైడ్ కదలగానే రెండు చేతులతో నా మోచెయ్యి పట్టుకుంది. దిగాక కూడా వదల్లేదు. "డాడీ, మళ్ళీ" అంది. నాలుగుసార్లు ఎక్కాం. ఆ రోజు మిగతా పార్కులో ఏం చూశామో నాకు సరిగ్గా గుర్తు లేదు.

వాటర్‌వరల్డ్ నాలుగోది. దవ్వామా అని ఒకటుంది, అరబ్బీలో సుడిగుండం అని అర్థం. ఆరుగురు ఒకే తెప్పలో కూర్చుంటే పెద్ద గరాటులోకి విసురుతుంది. దోస్తులతో పోతే ఇది తప్పకుండా ఎక్కాలి, ఒక్కడివే పోతే అంత సరదా ఉండదు. ఈ పార్కు మొత్తాన్నీ ఒక అమ్మాయి పోయిన ముత్యం కోసం వెతికే కథ మీద కట్టారు. నూనె బయటపడక ముందు ఇక్కడివాళ్ళు ముత్యాల కోసం సముద్రంలో మునిగి బతికినవాళ్ళు. నిజాం కాలంలో హైదరాబాద్ చేరిన బస్రా ముత్యాలు ఈ గల్ఫ్ నీళ్ళలోవే. చార్మినార్ దగ్గర మా ఇంటామె పెళ్ళికి కొన్న ముత్యాల దండ గురించి అక్కడ చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇది చలికాలంలో వద్దు, ఏప్రిల్ లేదా అక్టోబర్ బాగుంటాయి.

సీవరల్డ్‌ని ఈ వరసలో పెట్టలేను, అది ఎక్కే చోటు కన్నా చూసే చోటు. రెండున్నర కోట్ల లీటర్లకు పైగా నీళ్ళున్న అక్వేరియం ముందు నిలబడితే కాళ్ళు కదలవు. మా ఇంటామె ఆ అద్దం ముందు నేల మీదే కూర్చుండిపోయింది. "ఇగో, ధర్మపురి గోదావరిలో మనం పేలాలేసిన చేపలు గుర్తున్నాయా" అంది. అరగంట లేవలేదు. ఎప్పుడూ మోకాళ్ళు నొప్పి అని చెప్పే మనిషి, ఆ అరగంటలో ఆ మాటే ఎత్తలేదు. ఊరి నుంచి అమ్మానాన్నలు, అత్తామామలు వస్తే వేరే ఆలోచన పెట్టుకోకుండా ఇక్కడికే తీసుకెళ్ళండి.

ఇక ఆ తమ్ముడికి చెప్పింది ఇది. ఒక్క రోజే, ఒక్క టికెట్టే అయితే చలికాలంలో ఫెరారీ వరల్డ్‌కి పో. శనివారం, ఆదివారం జనం ఎక్కువ, నడివారంలో ఎప్పుడైనా సెలవు దొరికితే ఆ రోజు పో. గేటు తీసే టైంకే అక్కడుండు. ముందు ఫ్లయింగ్ ఏసెస్, తర్వాతే రోసా. గాలి ఎక్కువున్న రోజు బయటి రైడ్లు ఆపేస్తారు, కాబట్టి ముందు రోజు వాతావరణం చూసుకో. హఫిలాత్ బస్సు కార్డులో పైసలు వేసుకో, బస్సులో పోవచ్చు, టాక్సీ ఖర్చు మిగులుతుంది. లోపల తిండి రేటు ఎక్కువ, కడుపునిండా తిని బయల్దేరు. ఎక్కే ముందు మాత్రం తినకు.

పెద్దాయన అంతా వింటూనే ఉన్నాడు. ఇక్కడికొచ్చి పంతొమ్మిదేళ్ళు, వచ్చే మార్చిలో వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి పోతున్నాడు. యాస్ ద్వీపంలో ఆయన వేసిన పైపులున్నాయి గానీ, ఒక్క పార్కు లోపలికీ పోలేదు. తమ్ముడు నిద్రపోయాక మంచం మీది నుంచి మెల్లగా అడిగాడు.

"ఆ గుండ్రం మీద ఎంతసేపు ఉంటది?"

"మూడు నాలుగు సెకన్లు అన్నా."

కాసేపు ఆలోచించుకున్నాడు.

"అయితే నాకూ ఒక టికెట్ తీసుకో. సంక్రాంతికి ముందే పోదాం."