పన్నెండు దెబ్బలు

"ఆగు బిడ్డా, బొమ్మ బయటికొచ్చింది!" అని అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మధ్యాహ్నం పన్నెండు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు పెద్దవాళ్లకు చదువు చెప్పే మా ఊరి సాయంత్రం క్లాసు వాళ్లమంతా ఊపిరి బిగపట్టి కూర్చున్నాం. గడ్డం బొమ్మ గంట కొడుతుంటే అవ్వ వేళ్లు మడుస్తూ పైకే లెక్కపెట్టింది. "పదకొండు... పన్నెండు. సరిగ్గా ఉంది!"

తర్వాత ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి విగ్రహం దగ్గర అందరూ ముందుకెళ్లిపోయినా అవ్వ కదల్లేదు. రాతిలో అంత పల్చటి ముసుగు ఎలా చెక్కారా అని చూస్తోందనుకున్నాను. కాదు, పక్కనున్న అంకెలు కూడబలుక్కుంటోంది. 1876.

"వెయ్యి... ఎనిమిది వందల... డెబ్బై ఆరు."

చదివేసి, "మా నాయన కూడా పుట్టి ఉండడు అప్పటికి" అంది.

పోయిన నెలలో ఇదే అవ్వ "ఈ వయసులో నాకెందుకు" అని పలక పక్కన పెట్టేసింది. తప్పు చదివితే నలుగురూ నవ్వుతారని భయం. చిన్నప్పుడే బడికెళ్లిన మనకు ఆ భయం ఎంత పెద్దదో తెలియదు. నాకైతే ఇవాళ్టిదాకా తెలియలేదు.

మృగశిర కార్తె వస్తే అందరూ పత్తి విత్తనాలు పెట్టే పనిలో పడతారు. ఇంకో రెండు మూడు వారాలే క్లాసులు. ఈలోపు ఎక్కాలు మొదలుపెట్టాలని గట్టిగా ఉంది.

తిరుగు ప్రయాణంలో అవ్వ కిటికీ పక్క సీటు అడిగి మరీ తీసుకుంది. అఫ్జల్‌గంజ్ దాటేదాకా ఒక్క షాపు బోర్డూ వదల్లేదు.