ఎర్ర నాచుతో మూడు నెలలు

మొదట ఇసుక మీద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ కనిపించింది. కోరలైన్ ఆల్గే పడుతోందనుకుని సంబరపడ్డాను కూడా. ఉప్పునీటి చేపల ట్యాంకు పెట్టుకున్నవాళ్లకు రాళ్ల మీద ఆ ఊదారంగు పొర కనిపిస్తే పండగే. పది రోజులకు మచ్చ కాస్తా తివాచీ అయింది. ముట్టుకుంటే జిగురు. పైపుతో లాగితే పాల మీద మీగడలా పొరంతా లేచి వచ్చేది. మధ్యాహ్నానికి దాని నిండా గాలి బుడగలు. రాత్రి లైట్లు ఆర్పాక సగం మాయమయ్యేది, మర్నాడు మూడింటికల్లా మళ్లీ హాజరు.

నాది హైదరాబాద్‌లో, అపార్ట్‌మెంట్ హాల్లో పెట్టిన 200 లీటర్ల ట్యాంకు. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, కాసిని మెత్తటి కోరల్స్ (పగడాలు). ఆ పొర నాచులా పెరిగే సయనోబ్యాక్టీరియా అని తెలిశాక మూడు వారాలు రోజూ సైఫన్ చేశాను. తీసినన్ని నీళ్లు మళ్లీ ఉప్పు కలిపి పోయాలి, ఆ ఉప్పేమో చవక కాదు. "చేపల్ని పెంచుతున్నారా, నాచునా?" అంది మా ఆవిడ.

దుప్పటి కప్పి మూడు రోజులు చీకట్లో ఉంచాను. పోయింది. ఐదో రోజుకు వచ్చేసింది.

అప్పుడు షాపులో ఒక పొడి ఇచ్చారు. అది వేస్తే స్కిమ్మర్ (నురగతో నీళ్లలోని మురికి లాగే పరికరం) నురగ పొంగిపోతుంది, ఆపేయమన్నారు. ఆపాను. గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేయాలన్న ఆలోచన మాత్రం రాలేదు. చచ్చిన నాచు నీళ్లలోనే కుళ్లుతుంది, కుళ్లుతూ ఆక్సిజన్ లాగేస్తుంది. రాత్రి రెండింటికి లేచి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తెల్లారేదాకా మగ్గుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తూ కూర్చున్నాను. క్లౌన్‌లు బతికాయి, గోబీ దక్కలేదు. మూడు వారాలకు ఎర్ర పొర మళ్లీ మొదలు.

ఆ ఆదివారం నాన్నతో ఫోన్‌లో ఈ గోలంతా చెప్పాను. ఆయన నవ్వి, "నీలి ఆకుపచ్చ నాచు కదరా అది! మనం వరి చేలో ఎకరానికి నాలుగు కిలోలు చల్లేవాళ్లం. దానికి యూరియా అక్కర్లేదు, గాలిలోంచే తెచ్చుకుంటుంది. నీదేంటి, ఎర్రగా ఉందంటున్నావు?" అన్నారు. ఎరుపు ఫైకోఎరిత్రిన్ అనే రంగు వల్ల వస్తుందని చెప్పాను గానీ, నా బుర్ర యూరియా దగ్గరే ఆగిపోయింది.

ఫోన్ పెట్టేసి టెస్ట్ కిట్ తీశాను. నైట్రేట్, అంటే నీళ్లలో దొరికే నైట్రోజన్ మేత, సున్నా. నైట్రేట్ పీల్చే ఫిల్టర్ మీడియా వేసి మరీ సాధించి, ఇన్నాళ్లూ గర్వంగా చెప్పుకున్న సున్నా అది. ఫాస్ఫేట్ 0.25 పీపీఎం. సయనోలో కొన్ని రకాలు గాలి నుంచి వచ్చే నైట్రోజన్‌ను సొంతంగా వాడుకుంటాయి. కోరలైన్, కోరల్స్ నైట్రేట్ లేక నీరసిస్తుంటే, ఉన్న ఫాస్ఫేటంతా తింటూ ఇది కాలు మీద కాలేసుకుని కూర్చుంది. దానికి పోటీ లేకుండా చేసింది నేనే.

మీడియా తీసేశాను. ఫాస్ఫేట్ ఎక్కణ్నుంచి వస్తోందని వెతికితే రెండు దారులు దొరికాయి. ఒకటి, ఫ్రోజెన్ రొయ్య ముక్క కరిగిన నీళ్లతో సహా పోయడం. టీ వడగట్టే జాలిలో వేసి కడగడం మొదలుపెట్టాను. రెండోది వంటింటి ఆర్వో. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 70. తాగడానికి మంచిదే, ట్యాంకుకు సున్నా కావాలి. ఆ 70లో ఏమేం ఉన్నాయో మీటరు చెప్పదు. మినరల్ కార్ట్రిడ్జ్‌కు ముందే పైపు విడదీయించి, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ చివర పెట్టించాను.

ఇంకొకటి మేత వేస్తూ గమనించాను. ఒక రేకు నీళ్లలో తిరిగి తిరిగి పెద్ద రాయి వెనక కదలకుండా నిలబడిపోయింది. ఎర్ర పొర పుట్టేదీ సరిగ్గా అక్కడే. నీళ్లను కదిలించే వేవ్‌మేకర్‌ను అటు తిప్పాను.

నైట్రేట్ 5కు రావడానికి దాదాపు నెల పట్టింది. ఈలోగా వారానికి రెండుసార్లు సైఫన్ తప్పలేదు. ప్రతిసారీ లాగాల్సింది తగ్గుతూ వచ్చింది. ఆరో వారంలో ఇసుక తెల్లగా కనిపించింది.

కడప జిల్లా వేంపల్లె రాళ్లలో ఈ సయనో జాతి కట్టిన పొరలు, స్ట్రోమటోలైట్లు, దాదాపు 190 కోట్ల ఏళ్ల నాటివి ఉన్నాయి. అంత పాతకాపుని మూడు రోజుల దుప్పటితో వెళ్లగొడదామనుకున్నాను.

హీటర్ వెనక ఇప్పటికీ గోరంత మచ్చ ఉంది. వదిలేశాను. టీ జాలి చేపలకే అయిపోయింది, మా ఆవిడ కొత్తది కొనుక్కుంది.