రొయ్యల గుంటల లెక్క సీలో: అరేలు తీసేసి స్ట్రక్ట్

అల్లూరు వైపు ఆరు రొయ్యల గుంటల రోజువారీ లెక్క ఇది, సీ (C) భాషలో రాసిన ప్రోగ్రామ్. పోయిన వారం దాకా మేతకి ఒక అరే (ఒకే రకం విలువల వరస), కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలు) ఒక అరే. ఒకదాన్ని సార్ట్ చేస్తే మిగతావి కదలవు, నాలుగో గుంట మేత రెండో గుంట కింద పడుతుంది. ఇక గుంట వివరాలన్నీ, అంటే మెంబర్లన్నీ, కట్టగా ఒకే స్ట్రక్ట్‌లో.

శనివారం

మెంబర్లు ఈ వరసలో: బ్లాక్ అక్షరం (క్యార్, ఒక అక్షరం), మేత కిలోలు (డబుల్, దశాంశ సంఖ్య), కౌంటు (ఇంట్, పూర్ణ సంఖ్య), నీటికి గాలి కొట్టే ఏరేటర్ ఆడుతోందా (క్యార్).

స్ట్రక్ట్‌ని నేరుగా ఫంక్షన్‌కి పంపితే లోపలికి పోయేది నకలే. అక్కడ 40 కిలోలు కలిపినా బయట పాత అంకే ఉంటుంది. దాని అడ్రసు పంపాలి, అడ్రసు దాచుకునేదే పాయింటర్. పాయింటర్ పేరు ‘గ’ అనుకుంటే *గ.మేత కంపైల్ కాదు. చుక్క వంతు స్టార్ కంటే ముందు, అందుకని పాయింటర్‌లోనే మేతని వెతుకుతుంది. (*గ).మేత సరైనదే, గ->మేత ఇంకా తేలిక.

స్కాన్‌ఎఫ్‌లో (కొట్టింది చదివే ఫంక్షన్) డబుల్‌కి శాతం ఎల్‌ఎఫ్ (%lf). శాతం ఎఫ్ (%f) పెడితే 37.5 కొట్టినా ఏదో అంకె కూర్చుంటుంది.

కౌంటు 60 అనుకుందాం. 1000ని 60తో భాగిస్తే సగటు బరువు 16.67 గ్రాములు రావాలి, 16 వచ్చింది. రెండూ ఇంట్లే మరి. 1000.0 అని రాస్తే సరి.

ఆదివారం

మెంబర్లు కూడితే 14 బైట్లు, స్ట్రక్ట్ ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్ మాత్రం 24 అంటుంది. 64 బిట్ లైనక్స్‌లో డబుల్ 8తో భాగమయ్యే చోటే మొదలవ్వాలి, కాబట్టి బ్లాక్ అక్షరం వెనక 7 బైట్లు ఖాళీ. చివర ఇంకో 3. డబుల్, ఇంట్, రెండు క్యార్‌లు అని వరస మారిస్తే 16కి దిగింది.

దిగింది గానీ, మెమరీలోని బైట్లని ఉన్నవున్నట్టు ఫైల్లో పెట్టే ఎఫ్‌రైట్‌తో రాసిన పాత ఫైలు చెడింది. 6 గుంటలు, 24 చొప్పున 144 బైట్లు. కొత్త ప్రోగ్రామ్ 16 చొప్పున చదివి 9 గుంటలు చూపించింది! మొదటి గుంట మేత కూడా చెత్తే: బ్లాక్ అక్షరమూ దాని వెనక ఖాళీ కలిసి డబుల్‌గా లెక్కకొచ్చాయి. పాత వరసతోనే ఒకసారి చదివి, కామాలతో మామూలు టెక్స్ట్‌గా రాసుకుంటే బయటపడొచ్చు. మెంబర్లు ఇంకా మారుతున్నన్నాళ్లు బైనరీ ఫైలు జోలికి పోకపోవడమే మేలు.

మిగిలింది గుంట పేరు. ముందే ఉన్న క్యార్ అరేకి సమానం గుర్తుతో పేరు ఎక్కదు, సైజు దాటకుండా అరేలోకి రాసే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ కావాలి. అరేకి 16 బైట్లు చాలవు: అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒత్తూ గుణింతంతో సహా ప్రతి తెలుగు గుర్తుకీ 3 బైట్లు. ‘తూర్పు గుంట’కే 31, చివరి సున్నాతో 32.