ఎల్లోస్టోన్ గీజర్ల చిట్టా: ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చింది

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో గీజర్లు (నేలలోంచి ఉండుండి వేడినీళ్లు ఎగజిమ్మే బుగ్గలు) 500 దాకా ఉంటే, పార్క్ సర్వీస్ వాళ్లు టైము అంచనా కట్టి బోర్డు మీద పెట్టేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ టైముకి వెళ్లి చూసి వచ్చేస్తే ఫోటో దక్కుతుంది. ఎగిసే ముందు గంటలో ఏం జరిగిందో కూడా రాసుకుంటే ఆ గీజర్ తీరు పట్టుబడుతుంది. ఈ చిట్టా అందుకే. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, రివర్‌సైడ్ అనే గీజర్ల పేజీలు నమ్మదగ్గట్టుగా వచ్చాయి. గ్రాండ్ గీజర్ పేజీ సగంలో ఉంది. లామార్ లోయ జంతువుల పేజీ ఇప్పుడే మొదలైంది.

పుస్తకం

గళ్లు అయిదు చాలు: పేరు, మొదలైన టైము, ఎంతసేపు సాగింది, గాలి ఎటు, ముందు కనిపించిన గుర్తు. టైము 24 గంటల పద్ధతిలో వేస్తే తర్వాత తికమక ఉండదు. మనం వెళ్లేసరికే ఎగుస్తూ ఉంటే మొదలైన టైము ఊహించి రాయొద్దు. ‘నడుస్తోంది’ అని రాసి, చూసిన టైము వేయాలి. ఒక్క తప్పు టైము దాని ముందు విరామాన్నీ, వెనక విరామాన్నీ రెండిటినీ పాడుచేస్తుంది. ఆవిరికి ఇంకు అలుక్కుపోతుంది కాబట్టి పెన్సిలే మేలు. లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్

ఎత్తు 106 నుంచి 184 అడుగులు, సాగేది ఒకటిన్నర నుంచి 5 నిమిషాలు. తర్వాతిది ఎప్పుడో చెప్పేది ఈ నిమిషాలే. రెండున్నర నిమిషాల లోపు ఆగిపోతే తర్వాతిది గంటా పది నిమిషాలకు అటూఇటూగా వస్తుంది. అంతకు మించి సాగితే గంటన్నర పైనే. తక్కువసేపు ఎగిసినప్పుడు గొట్టాల్లో నీళ్లు, వేడి ఇంకా మిగిలే ఉంటాయి, మళ్లీ నిండి కాగడానికి అంతసేపు పట్టదు. ఎటు చూసినా 10 నిమిషాలు ముందూవెనకా పెట్టుకోవాలి.

లెక్క తప్పేది ఎక్కువగా స్టాప్‌వాచ్ దగ్గరే. అసలుది రాకముందు నీళ్లు కాసేపు చిమ్మి చిమ్మి ఆగుతుంటాయి. వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. నీళ్లు ఆగకుండా స్తంభంలా పైకి లేచిన క్షణం నుంచి నొక్కాలి. చివర్లో ఆవిరి మాత్రమే వస్తున్న సమయాన్ని కలపొద్దు. ఇక్కడి ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి.

రివర్‌సైడ్, గ్రాండ్

రివర్‌సైడ్ ఇంచుమించు 6 గంటలకోసారి ఎగిసి ఫైర్‌హోల్ నది మీదికి వాలుగా పడుతుంది. 20 నిమిషాలు సాగుతుంది. రావడానికి గంటా, గంటన్నర ముందే గీజర్ నోటి అంచు మీంచి నీళ్లు పొర్లడం మొదలవుతుంది. ఎదుటి ఒడ్డు నుంచి చూస్తే అది స్పష్టంగా కనిపిస్తుంది. బోర్డు కంటే ఆ పొర్లే నీళ్లనే నమ్ముకోవచ్చు.

గ్రాండ్‌కి ఓపిక ఎక్కువ కావాలి, అంతకంతా చూపిస్తుంది కూడా. అంచనా కట్టగలిగిన గీజర్లలో ఇదే ఎత్తు, 200 అడుగుల దాకా పోతుంది. ముందు కుండం నిండాలి. నిండాక పక్కనున్న టర్బన్ గీజర్ మీద కన్నేసి ఉంచాలి. టర్బన్ 20 నిమిషాలకోసారి లేస్తుంటుంది. గ్రాండ్ లేచేది దాదాపు ఎప్పుడూ టర్బన్ లేచే వేళకే. టర్బన్ ఒక్కటే లేచి గ్రాండ్ కదలకపోతే ఇంకో 20 నిమిషాలు కూర్చోక తప్పదు. ఆ వేళ దగ్గరపడ్డప్పుడు గ్రాండ్ నీటి మీద అలలు కదిలాయా లేదా అన్నది చిట్టాలో తప్పకుండా రాయాల్సిన గుర్తు. గ్రాండ్ ఎగవడం మొదలైన 10 నిమిషాల తర్వాత నీళ్లు హఠాత్తుగా కిందికి జారిపోగానే బెంచీల మీద సగంమంది లేచిపోతారు. లేవొద్దు! నిమిషం తిరిగేలోగా రెండోసారి ఎగిస్తే, అది చాలాసార్లు మొదటిదాని కంటే ఎత్తుగా ఉంటుంది.

కెమెరా

బెంచీ ఎంచుకునే ముందు ఆవిరి ఎటు పోతోందో చూసి, గాలి వచ్చే వైపు కూర్చోవాలి. తుంపరలో కరిగిన సిలికా ఉంటుంది. అది అద్దం మీద ఆరిందంటే తెల్లటి పెచ్చులా పట్టేస్తుంది, ఇక వదలదు. యూవీ ఫిల్టర్ బిగించి, చిన్న సీసాలో డిస్టిల్డ్ వాటర్ దగ్గర పెట్టుకుని, తడి ఆరకముందే కడిగి తుడవాలి. పొడిగా రుద్దితే గీతలు పడతాయి. కళ్లద్దాలకూ ఇదే జాగ్రత్త.

తెల్లటి ఆవిరి కెమెరాలో వెలుతురు కొలిచే మీటరును మోసం చేసి ఫోటోను బూడిదరంగుకు దించుతుంది, ఎక్స్‌పోజరు ముప్పావు స్టాపు పెంచాలి. చుక్కలు విడివిడిగా కావాలంటే షట్టరు సెకనులో 1000వ వంతు.

గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగురంగుల వేడినీటి కొలనుకి పొద్దున్నే వెళ్తే ఆవిరి తప్ప ఏమీ కనపడదు. ఎండ ఎక్కాక, ఫెయిరీ ఫాల్స్ పార్కింగ్ నుంచి 0.6 మైలు నడిచి పై వ్యూపాయింట్‌కి వెళ్లాలి. పోలరైజర్ ఫిల్టర్ తిప్పి నీటి మెరుపు తగ్గిస్తే అంచుల్లో సూక్ష్మజీవులు పరిచిన నారింజ, పసుపు రంగులు పైకి తేలతాయి. డ్రోన్ పూర్తిగా నిషేధం.

లామార్ లోయ

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ నుంచి రెండు గంటలకు పైనే ప్రయాణం. రెండూ ఒకే పొద్దున పెట్టుకుంటే రెండూ చెడతాయి. తోడేళ్లను 1995లో కెనడా నుంచి తెచ్చి ఇక్కడ వదిలారు. అవి ఎక్కువగా కనిపించేది తెల్లవారుజామున, చీకటి పడేముందు, అదీ ఎంతో దూరంలో. 10x42 బైనాక్యులర్‌తో వెతికి, స్పాటింగ్ స్కోపుతో (స్టాండు మీద పెట్టే చిన్న దూరదర్శిని) చూడాలి. ఎండ ముదిరితే నేల మీది వేడిగాలికి బొమ్మ వణుకుతుంది, ఎంత జూమ్ పెంచినా లాభం లేదు.

ఎలుగు, తోడేలు అయితే 100 గజాలు, బైసన్ (అడవిదున్న), ఎల్క్ (పెద్ద జింక) లాంటివైతే 25 గజాలు దూరం తప్పనిసరి. బైసన్ తోక పైకి లేపిందంటే వెంటనే వెనక్కి తగ్గాలి. బేర్ స్ప్రే (ఎలుగు మీదికొస్తే కొట్టే ఘాటు స్ప్రే) నడుముకి ఉండాలి, బ్యాగులో ఉంటే అవసరానికి అందదు. విమానంలో తీసుకెళ్లనివ్వరు కాబట్టి అక్కడే కొనుక్కోవాలి. పులిహోర డబ్బా ఉన్న బ్యాగుని బెంచీ మీద వదిలి పక్కకు వెళ్లొద్దు, ఇక్కడి రేవెన్ కాకులకు జిప్పు తీయడం వచ్చు.

తర్వాత

గ్రాండ్ పేజీకి వరసగా పట్టిన విరామాలు ఇంకా కావాలి, దానికి పగలంతా ఈ గీజర్లున్న అప్పర్ బేసిన్‌లోనే ఉండాలి. స్టీమ్‌బోట్ గీజర్‌కి అంచనా లేదు, దానికి ఖాళీ పేజీ వదిలి ఉంచాం. నవంబరు మొదట్లో లోపలి రోడ్లు చాలావరకు మూసేస్తారు. ఏడాది పొడుగునా కార్లు తిరిగేది గార్డినర్ ఊరి నుంచి లామార్ మీదుగా కుక్ సిటీ దాకా మాత్రమే కాబట్టి, చలికాలమంతా తోడేళ్ల పేజీయే నిండుతుంది.