కేబుల్ వాడి ఇంట్లో గంటే టీవీ

పొద్దున ఎనిమిదింటికి ఫోన్ మోగిందంటే చిన్నపిల్లలున్న ఇంటి నుంచే అని చూడకుండా చెప్పేస్తాను. "అన్నా, బొమ్మల చానల్ రావట్లేదు, వీడు ముద్ద మింగట్లేదు, తొందరగా రా." రాత్రి సీరియల్ ఆగిపోతే వచ్చే ఫోన్లలో కోపం ఉంటుంది. ఈ పొద్దుటి ఫోన్లలో అంతా టెన్షనే. గుంటూరులో ఈ కేబుల్ పనిలోకి వచ్చి పద్నాలుగేళ్లయింది. బ్రాడీపేటలో ఏ లైన్లో ఏ పిల్లాడు ఎన్నింటికి తింటాడో నా కంప్లయింట్ల పుస్తకం చూస్తే తెలిసిపోతుంది.

మా పాపకి మూడున్నరేళ్లు. మొన్నామధ్య దగ్గు తగ్గక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఛాతీ చూసి, మందులు రాసి, "టీవీ ఎంతసేపు చూస్తుంది?" అని అడిగారు. మా ఆవిడ నా వంక చూసింది. నేను ఫ్యాన్ వంక చూసి "ఏదో ఒక గంట" అన్నాను. వెనక కూర్చున్న మా అమ్మ ఊరుకుంటేగా! "గంటేంట్రా? టిఫినుకి ఒక గంట, అన్నానికి ఒక గంట, రాత్రి నువ్వొచ్చేదాకా ఇంకో గంటన్నర."

డాక్టరమ్మ తిట్టలేదు. రెండేళ్లలోపు పిల్లలకి అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటకూడదని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని చెప్పారు. ఫోన్ కూడా ఆ గంటలోనే. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు చెప్పేదీ అదేనట. ఇంటికొచ్చాక వెతికితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్కా ఇంచుమించు ఇదే. దాంట్లోనే ఇంకో సంగతి కనిపించింది. ఈ వయసు పిల్లలు రోజుకి 180 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలి, 10 నుంచి 13 గంటలు నిద్రపోవాలి. టీవీకి మూడున్నర గంటలు పోతే మిగతావాటికి రోజెక్కడ మిగులుతుంది?

నాకు గుచ్చుకున్నది మాత్రం ఆవిడ చివర్లో అన్న మాట. "గంట చూపించినా సరే, తినేటప్పుడు మాత్రం వద్దు. పడుకునే ముందు గంట కూడా ఆపేయండి."

మా అమ్మ ఆటోలోనే మొదలుపెట్టింది. "ఊరందరికీ టీవీ పెట్టించేది నువ్వు, మనింట్లో వద్దనేదీ నువ్వేనా?" జవాబు చెప్పలేకపోయాను. ఆమె తప్పు కూడా కాదు. మోకాళ్ల నొప్పులతో గిన్నె పట్టుకుని ఇల్లంతా దాని వెనక తిరగలేదు. మా ఇద్దరం పనికి పోతే ఇంట్లో ఆమెకి టీవీయే రెండో మనిషి.

సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా అని ఒప్పందం. రాత్రి ముద్దలు పెట్టే డ్యూటీ నాకు పడింది. మొదటి మూడు రోజులు నరకం. మూడో రోజు గిన్నెడు పప్పన్నానికి యాభై నిమిషాలు పట్టింది. నాలుగో రోజు రాత్రి ముద్ద నోటి దాకా వచ్చాక నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నాన్నా, ఇది ఆకా?" కరివేపాకు. అన్నం తినడం మొదలుపెట్టినప్పటి నుంచీ పప్పులో ఉంటూనే ఉంది, ఇన్నాళ్లూ అది తెరనే చూస్తూ మింగేసింది. ఆకు తీసి వాసన చూసింది, కొరికింది, మొహం చిట్లించి నా నోట్లో పెట్టింది.

ఇప్పుడంతా బాగుందని చెప్పను. ఆదివారాలు గంట రెండు గంటలవుతుంది. జ్వరం వస్తే లెక్కే లేదు.

పోయిన వారం మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎత్తుగా వేసుకుని పోతున్న లారీకి తగులుకుని ఒక వీధిలో వైరు తెగింది. ఎనిమిదీ పదికి ఫోన్. వెళ్లేసరికి గుమ్మంలో తల్లి, చంకలో పిల్లాడు, వాడి బుగ్గలో ఇడ్లీ ముక్క. నిజానికి అయిదు నిమిషాల పని. "పావుగంట పడుతుందమ్మా" అన్నాను. వాడు నా నిచ్చెనా, కటింగ్ ప్లేయరూ చూస్తూ రెండు ఇడ్లీలు తినేశాడు.

దిగి టీవీ వేసి చూపించాను. ఆవిడ ఖాళీ ప్లేటు వంక చూసి, "రేపు కూడా ఇదే టైముకి రా అన్నా" అంది.