కోటిపల్లి రేవు దాటి మాస్టారి ఊరికి

ఈ చలికాలంలో మూడు వారాంతాలు ప్రయాణాలకే పోయాయి. రెండు పూర్వ విద్యార్థుల సమావేశాలు, ఒక సంస్మరణ సభ. మొదటి రెండింటికి నెల ముందే టికెట్లు తీసుకున్నాను. మూడోదానికి వెళ్లాలా వద్దా అని గురువారం రాత్రి వరకు తేల్చుకోలేకపోయాను. ఇది రాయాలనిపించింది ఆ మూడోదాని వల్లే.

వరంగల్ గురించి ఎక్కువ చెప్పను. 1988 నుంచి రెండేళ్లు అక్కడ ఎం.టెక్. చదివాను. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ కాలేజీ 2002లో ఎన్‌ఐటీ అయింది కానీ మా నోట ఇప్పటికీ ఆర్‌ఈసీయే (రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ). శనివారం పొద్దున సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగాను. పదకొండు మందిమి కలిశాం. సాయంత్రం దాకా భద్రకాళి చెరువు గట్టు మీద కూర్చుని, చలిగాలికి ముడుచుకుంటూ మిరపకాయ బజ్జీలు తిని, ఎవరి దారిన వాళ్లం వచ్చేశాం. మైకు లేదు, వేదిక లేదు. హాయిగా గడిచింది.

కాకినాడ అలా జరగలేదు.

1984లో సివిల్ ఇంజనీరింగ్‌లో చేరిన మేము నలభై ఏళ్ల పండుగ చేసుకోవాలనుకున్నాం. గౌతమి ఎక్స్‌ప్రెస్ సామర్లకోట దాటి, మెయిన్ లైను వదిలి కాకినాడ వైపు తిరిగేసరికి ఎంత నిద్రలో ఉన్నా నాకు మెలకువ వస్తుంది. ఆ రోజూ వచ్చింది. కిటికీ తెరిస్తే పొలాల మీద మంచు తెరలా పరుచుకుని ఉంది. పొద్దున కాలేజీకి వెళ్లాం. 1946లో విశాఖపట్నం పేరుతో పుట్టి కాకినాడలో స్థిరపడిన కాలేజీ, 2008 నుంచి తనే ఒక విశ్వవిద్యాలయం. సర్వే తరగతులకు బయటికి వెళ్లిన దారుల్లో చెట్లు అలాగే ఉన్నాయి. అంతవరకు బాగుంది.

సాయంత్రం కార్యక్రమం ఊళ్లో ఒక అద్దె హాలులో. మనిషికి ఆరు వేలు వసూలు చేశారు. ఆ డబ్బుతో ఒకే రంగు టీషర్టులు, పేరు అచ్చేసిన సంచీ, వచ్చిన ప్రతివారికీ శాలువా. శాలువాలు కప్పడానికే గంటంబావు పట్టింది. తర్వాత తెర మీద, మమ్మల్ని విడిచి వెళ్లినవాళ్ల ఫొటోలు వేశారు. ఒక్కొక్కరికి రెండు సెకన్లు. పద్నాలుగు మంది స్నేహితులు, తొమ్మిది మంది అధ్యాపకులు. ఆఖరి ఫొటో మా సర్వే మాస్టారిది. నవంబరులో పోయారు. ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నారు. లేచి నిలబడి నేను మనసులో లెక్కపెడుతున్నాను. ఇరవై రెండు దగ్గర ఉండగా వెనక డ్రమ్ములు దడదడలాడాయి. పాటల బృందం సౌండు సరిచూసుకుంటోంది. నిర్వాహకుడు "థాంక్యూ" అని అందరినీ కూర్చోమన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పక్కనున్న మిత్రుడితో అన్నాను. "పోయినవాళ్లు ఎలాగూ పోయారు, ఉన్నవాళ్లం సంతోషంగా ఉందాం" అని భుజం తట్టాడు. అతను మంచివాడే. కానీ ఆ మాట నాకు మింగుడు పడలేదు. బయటికి వచ్చి బాలాజీ చెరువు దాకా నడిచి, ఇంటికి కిలో గొట్టం కాజా కొని, భోజనానికి కూడా వెనక్కి వెళ్లకుండా గదికి పోయి పడుకున్నాను.

జనవరి 5న మాస్టారి ఊళ్లో సంస్మరణ సభ అని మా ఫోను గ్రూపులో సమాచారం వచ్చింది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు అరవై దాకా పడ్డాయి. వస్తున్నానని ఒక్కరూ రాయలేదు. నిజం చెప్పాలంటే నేనూ రాయలేదు.

మాస్టారిది కోనసీమలో, ముక్తేశ్వరానికి అవతల ఏటిగట్టు పక్కన ఒక చిన్న ఊరు. హైదరాబాద్ నుంచి అమలాపురానికి రాత్రి బస్సులు బోలెడు. కానీ సంక్రాంతికి ఇంకా పది రోజులుండగానే తొమ్మిది వందల టికెట్టును రెండు వేల నాలుగు వందలు చేసి పెట్టారు. పండక్కి సొంత ఊరు వెళ్లేవాళ్ల అవసరాన్ని ఇలా పిండుకోవడం ప్రతి ఏటా చూస్తున్నదే, ప్రతి ఏటా కోపం వస్తున్నదే. ఆ బస్సులు పోయే రావులపాలెం దారి మానేశాను. మళ్లీ గౌతమిలోనే, ఈసారి ఆర్‌ఏసీలో, ఒక పెళ్లికొడుకు తండ్రితో బెర్తు పంచుకుని సగం రాత్రి కూర్చునే వచ్చాను. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి బస్సు.

ఆ దారిని ఎంచుకోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. 1986 డిసెంబరులో మాస్టారు మమ్మల్ని నలుగురిని ఆ దారిలోనే తమ ఊరికి తీసుకువెళ్లారు. ఆ ఏడాది ఆగస్టు వరదకు భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు లేచింది. నాలుగు నెలలు కావస్తున్నా ఊళ్లలో గోడల మీద బురద చారలు పోలేదు. సెలవుల్లో రెండు రోజుల పనుంది, అన్నం మా ఇంట్లో, వస్తారా అని అడిగితే అన్నానికే ఒప్పుకున్నాం. కాలువ లాకు గోడ మీద చెక్కిన బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి మూడు కిలోమీటర్లు డంపీ లెవెల్ అనే దుర్భిణీ పరికరంతో మట్టం మోసుకువచ్చి, ఊళ్లో ఎక్కడెక్కడ నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో కొలవడం పని. ఆ నలుగురిలో ఒకడు అమెరికాలో ఉన్నాడు. ఒకడు ఎవరికీ అందుబాటులో లేడు. ఇంకొకడు కాకినాడ తెర మీద రెండు సెకన్లు కనబడ్డ పద్నాలుగు మందిలో ఉన్నాడు.

బస్సు అద్దాలన్నీ మంచుకు తడిసిపోయాయి. ద్రాక్షారామం దాటాక ఇళ్ల ముందు ముగ్గుల్లో గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడి పూలు. కాకినాడ నుంచి కోటిపల్లికి ఒకప్పుడు రైలుండేదట. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు పీకేశారు. మేము విద్యార్థులుగా వెళ్లినప్పుడు ఆ జాడే లేదు. 2004లో మళ్లీ వేసి ఒంటి పెట్టె రైలుబస్సు నడిపారు. అక్కడి నుంచి నది దాటించి నరసాపురం దాకా వేస్తామన్న లైను కోసం కోనసీమ ఎన్నేళ్లుగానో ఎదురు చూస్తోంది. యానాం దగ్గర ఎదుర్లంకకు బాలయోగి గారి పేరిట వారధి 2002లోనే వచ్చింది కాబట్టి కార్లవాళ్లు అటు పోతారు. కోటిపల్లిలో మాత్రం ఇంకా పంటే, మనుషుల్నీ బళ్లనూ దాటించే బల్లకట్టే.

రేవులో దిగేసరికి ఎనిమిదిన్నర. సోమేశ్వరుడి గుడి గంట వినబడుతోంది, గుడి మాత్రం మంచులో కనబడటం లేదు. ఇసుకలో వేసిన తాత్కాలిక బాట మీద చాలా దూరం నడవాలి. బూట్ల నిండా ఇసుక. అవతలి ఒడ్డు లేనే లేదు, తెల్లగా గోడ కట్టినట్టుంది. మంచు విడితే గాని పంటు కదలదని చెప్పి, నడిపే అతను చుట్ట వెలిగించుకుని కూర్చున్నాడు. పంటు మీద అప్పటికే ఒక ఆటో, ఏడెనిమిది మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, స్కూలు పిల్లలకు పాఠం చెప్పడానికి కాకుండా చుట్టాలింటికి పోతున్న ఒక టీచరమ్మ కుటుంబం. చెక్కల సందుల్లోంచి కింద నీళ్లు కనిపిస్తున్నాయి.

నా పక్కన ఒక పెద్దావిడ, డెబ్బై ఏళ్లుంటాయి, తడి గుడ్డ కప్పిన పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బంతి, చామంతి. ఆ చలిలో పూలు వాడవు కదా, గుడ్డ ఎందుకమ్మా అని అడిగాను. దుమ్ము పడకుండా అంది. ఎక్కడికి బాబూ అని అడిగింది. ఊరి పేరు చెప్పాను.

"మాస్టారి సభకేనా? ఈ దండలూ అక్కడికే. ఆయన దగ్గర చదువుకున్నారా?"

అవునన్నాను.

"మా వీధికి మట్టం పెట్టింది ఆయనే."

నాకు అర్థం కాలేదు. నది వైపు చూస్తూ ఆవిడ నెమ్మదిగా చెప్పింది. రామాలయం స్తంభం మీద మాస్టారు ఎర్ర గీతలు వేయించారు. అన్నిటికన్నా పైది పెద్ద వరద గీత, అంటే 1986ది. దాని కింద ఒక్కో వీధికి ఒక్కో గీత. నీళ్లు ఫలానా గీత ఎక్కితే ఫలానా వీధి అరుగులు మునుగుతాయి. ఆవిడ వాళ్లది అన్నిటికన్నా పల్లపు వీధి, అట్టడుగు గీత. 2022 జూలై వరదప్పుడు రాత్రి పదకొండింటికి కుర్రవాళ్లు టార్చిలైటు వేసి చూసి, ఆ గీతకు జానెడు కింద నీళ్లున్నాయని కేక వేశారట. అప్పటికప్పుడు రెండు గేదెలనూ దూడనూ గట్టు మీదికి తోలారు, బియ్యం అటక మీదికి ఎక్కించారు. తెల్లారేసరికి వాకిట్లో మొలలోతు నీళ్లు.

"టీవీలో అడుగులు చెప్తారు, క్యూసెక్కులు చెప్తారు. మా వాకిట్లోకి వస్తాయా రావా అన్నది ఎవరు చెప్తారు బాబూ? గీత చెప్పింది."

ఆ జూలైలో నేను హైదరాబాద్‌లో టీవీ ముందు కూర్చుని ఉన్నాను. భద్రాచలం 71.3 అడుగులు, ధవళేశ్వరం 25.8 లక్షల క్యూసెక్కులు అని చదువుతుంటే ఇంట్లోవాళ్లకు వివరించి చెప్పాను కూడా. ఇరవై ఏళ్ల వయసులో నేను ఎండలో స్టాఫ్, అంటే అంకెల కొలతకర్ర, పట్టుకుని నిలబడ్డ చోటు ఆ రాత్రి టార్చిలైటు వెలుతురులో ఉందన్న సంగతి నాకు తెలియదు. ఆవిడకు ఏమీ జవాబు చెప్పలేకపోయాను. పూలబుట్ట కాసేపు నేను పట్టుకుంటానన్నాను. ఇచ్చింది. తొమ్మిదింబావుకు మంచు పలచబడి, అవతలి ఒడ్డున కొబ్బరి తలలు ముందు కనిపించాయి, మొదళ్లు తర్వాత. ఇంజను శబ్దానికి ఇక మాటలు వినబడలేదు.

ముక్తేశ్వరం రేవు నుంచి ఊరికి ఆటోకు మూడు వందలు అడిగాడు. ఆవిడ నా తరఫున వాదించి నూట యాభైకి దించి, తనూ ఎక్కింది.

సభ బడి ఆవరణలో. రెండు వందల మంది ఉంటారు. కాలేజీ నుంచి నేనొక్కణ్ణే. ఉపన్యాసాలు క్లుప్తంగా జరిగాయి, ఎవరూ మైకు పట్టుకుని వేలాడలేదు. మౌనం పాటించమన్నప్పుడు నేను లెక్కపెట్టలేదు. కొబ్బరాకుల గలగల తప్ప ఏమీ వినిపించని ఆ నిశ్శబ్దం చాలాసేపు సాగింది. ఆపమని చెప్పాల్సిన పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటూ ఆ సంగతి మరిచిపోయాడు. తర్వాత పంక్తి భోజనం. ఆవ పెట్టిన కంద బచ్చలి, గుమ్మడికాయ దప్పళం. 1986లోనూ ఆ ఇంట్లో మాకు కంద బచ్చలే వడ్డించారు. ఆవ ఘాటు ముక్కుకెక్కి మా అమెరికావాడు నీళ్ల చెంబు ఖాళీ చేస్తే మాస్టారి భార్య మళ్లీ మళ్లీ నింపారు. ఆవిడ ఇప్పుడు లేరు.

బడి వరండాలో ఒక బల్ల మీద మాస్టారి వస్తువులు పెట్టారు. కళ్లద్దాలు, గొడుగు, వాటి పక్కన గుడ్డ అట్ట వేసిన ఫీల్డు బుక్కు, సర్వే కొలతలు రాసుకునే పుస్తకం. తెరిచాను. పెన్సిల్ అంకెలు ఏమాత్రం మాయలేదు. డిసెంబరు 1986. ఆరో పేజీలో చేతిరాత నాది. ఒక గడిలో 1.435 మీద అడ్డంగా ఒక్క గీత, దాని పైన 1.345, పక్కన మాస్టారి పొట్టి సంతకం.

మొదటి రోజు సాయంత్రం మొదలుపెట్టిన చోటికి తిరిగి వచ్చి సరిచూస్తే తొమ్మిది సెంటీమీటర్ల తేడా వచ్చింది. మేము అలిసిపోయి ఉన్నాం. చిన్న తేడాయే కదండీ, అన్ని కొలతల మీదా పంచేద్దామన్నాం. మాస్టారు కోప్పడలేదు. లాంతరు దగ్గర పుస్తకం పెట్టుకుని అర్ధరాత్రి దాకా పేజీలు తిప్పారు. మర్నాడు పొద్దున్నే ఆరో పేజీ చోటుకు తీసుకువెళ్లి అక్కడ మళ్లీ లెవెల్ పెట్టించారు. ఆ తొమ్మిది సెంటీమీటర్లు అక్కడే దొరికాయి. మిత్రుడు సరిగానే చదివాడు, రాసేటప్పుడు నేను మూడు నాలుగు తారుమారు చేశాను. రబ్బరు తీయబోతే మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఫీల్డు బుక్కులో తప్పు చెరపకూడదు, ఒక్క గీత కొట్టి సరైనది పైన రాయాలి, తప్పు కూడా కనబడుతూ ఉండాలి. ఆ తొమ్మిది సెంటీమీటర్లు అలాగే వదిలేసి ఉంటే ఆ స్తంభం మీద ప్రతి గీతా అంత మేర తప్పుగా పడేది. జానెడు అంటే ఎంత? అందులో సగం దాకా పోయేది.

మూడు దాటింది. చీకటి పడకముందే రేవు చేరుకోవాలి. బయల్దేరుతుంటే పద్దెనిమిదేళ్ల కుర్రవాడొకడు ఎర్ర రంగు డబ్బా, టేపు పట్టుకుని వచ్చాడు. పండక్కి రామాలయానికి సున్నం వేస్తూ పైగీత మీద కూడా కొట్టేశారట, మీరు ఆ రోజు కొలిచినవారు కదా, ఒకసారి వచ్చి చూపించండి సార్ అన్నాడు. ఫీల్డు బుక్కు తీసుకుని వెళ్లాం. పెద్ద వరద గీత రాతి మెట్టు మీంచి 1.87 మీటర్లు అని అందులో ఉంది. వాడు టేపు కొస మెట్టు మీద అదిమి పట్టాడు. నేను పైన చదివి పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. తర్వాత అంకె చెప్పకుండా టేపు పైకొస వాడికిచ్చి, కిందికి నేను వంగి, గుర్తు దగ్గర ఎంతుందో నువ్వు చదువు అన్నాను. మాస్టారు మాతో ఎప్పుడూ అలాగే చేయించేవారు.

"ఒకటి ఎనభై ఏడు సార్."

ఇంకోసారి చూడమన్నాను. చూశాడు. అదే చెప్పి, డబ్బా మూత తీశాడు.